మెతుకుసీమ పల్లె పాట

తెలంగాణలోని మెదక్ ప్రాంతంలో పొలం పనులు, గ్రామదేవతల కొలుపులు, కులపురాణాలు, ప్రజా ఉద్యమాలు పెంచి పోషించిన మౌఖిక సంగీతమే మెతుకుసీమ పల్లె పాట. సినిమా పాటకూ కచేరీ సంగీతానికీ బయట ఇది తన బతుకు తాను బతికింది. ఆ రెండింటికీ బాణీలు అరువిచ్చింది కూడా. అమెరికాలో వ్యాపార కంట్రీ సంగీతపు నునుపు నచ్చక పాత పల్లె పాటల దగ్గరికి మళ్లీ నడిచిన గాయకుల దారిని ఆల్టర్నేటివ్ కంట్రీ అంటారు. తెలుగు నేల మీద దానికి దగ్గరగా వచ్చేది ఈ పాటే. ఒక తేడా మాత్రం మొదటే చెప్పుకోవాలి. అక్కడి పాట ఎక్కువగా ఒంటరి గొంతుది. ఇక్కడి పాటకు వంత కావాలి. ముందు పాడేవాళ్లు ఒక చరణం ఎత్తుకుంటే వెనుకవాళ్లు అందుకోవాలి. అందుకునేవాళ్లు లేకపోతే పాట నిలబడదు. ఈ సంగీతం రుచి తెలియాలంటే ముందు గొంతు కన్నా వెనుక గొంతుల మీద చెవి పెట్టాలి.

కుల్చారం, మంజీర

కుల్చారం మెదక్ జిల్లాలో ఒక మండల కేంద్రం. కొల్చారం అని కూడా రాస్తారు. కాళిదాసు కావ్యాల వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరిది ఈ ఊరేనని ప్రసిద్ధి. ఇక్కడ బయటపడిన పార్శ్వనాథుడి నల్లరాతి విగ్రహం వల్ల జైన యాత్రాస్థలంగానూ పేరొచ్చింది. రఘువంశం చదివినా మేఘసందేశం చదివినా విద్యార్థులు ఇవాళ్టికీ మల్లినాథుడి వెంటే లోపలికి వెళ్తారు. ఆయన ఊరి పొలాల్లో, వాకిళ్లలో తరతరాలుగా నడుస్తున్న పాటకు మాత్రం అంతటి వ్యాఖ్యాత ఇంకా రాలేదు. అందుకే ఈ పాటను బయటివాళ్లు విన్నప్పుడు ‘ఒకటే బాణీ, ఒకటే మాట మళ్లీ మళ్లీ’ అనేసి వదిలేస్తుంటారు. ఆ మళ్లీ మళ్లీలో ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు పక్కన ఉంటే అలా వదిలేయరు.

మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర కర్ణాటక మీదుగా ఈ సీమలోకి వచ్చి, చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. దారిలో పాపన్నపేట మండలం నాగ్‌సాన్‌పల్లి దగ్గర ఏడు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ, బండరాళ్ల మధ్య వనదుర్గ గుడి ఉంది. ఏటా మహాశివరాత్రికి జరిగే ఏడుపాయల జాతరకు చుట్టుపక్కల మండలాల నుంచే కాక కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ జనం వస్తారు. అలంకరించిన బండ్ల ఊరేగింపు, రథోత్సవం ఈ జాతరలో ప్రధానం. జాగరణ రాత్రి ఒక మూల భజన మండలి, ఇంకో మూల డప్పులు, మరో మూల శివసత్తుల పూనకాలు ఒకేసారి సాగుతాయి. ఇన్ని రకాల పల్లె సంగీతం ఒకే రాత్రి, నడిచివెళ్లే దూరంలో వినబడే చోటు ఈ సీమలో మరొకటి లేదనే చెప్పాలి.

ఇక్కడి పాటలకు ఒక కాలచక్రం ఉంది. ఆషాఢంలో బోనాలు, వానలు కుదిరాక నాట్లు, అదే రోజుల్లో తండాల్లో లంబాడీ ఆడపిల్లల తీజ్, భాద్రపద అమావాస్య నుంచి బతుకమ్మ, సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర, నడుమ శివరాత్రి. చాంద్రమానపు లెక్కలో ఏటేటా ముందుకు జరిగే మొహర్రం ఈ చక్రంలో ఏ నెలలోనైనా వచ్చి కలుస్తుంది. పీర్ల పండుగకు అలావా (నిప్పుల గుండం) చుట్టూ తిరుగుతూ హిందువులూ ముస్లింలూ కలిసి పాడే పాటల్లో హసన్, హుసేన్‌ల కథ తెలుగులోనే నడుస్తుంది. 1924లో పూర్తయిన మెదక్ పెద్ద చర్చి చుట్టూ పల్లెల్లో పెరిగిన క్రైస్తవ సంఘాలు డోలక్, తాళాలతో పాడే భజన కీర్తనలదీ ఇదే నేల బాణీ. మతం మారినా వంత మారలేదు.

నాటు, ఇసుర్రాయి, బతుకమ్మ

నిజాం కాలంలో, 1905లో మంజీర మీద కట్టిన ఘనపురం ఆనకట్ట కాలువలు ఈ ప్రాంతపు వరి మడులకు నీళ్లిస్తాయి. వరి ఉన్నచోట నాటు పాట ఉంటుంది. మోకాటి లోతు బురదలో ఒక వరుసగా వంగి వెనక్కి జరుగుతూ నాటు వేసే ఆడవాళ్లకు ఆ పాట కాలక్షేపం కోసం మాత్రమే పుట్టలేదు. వరుస తప్పకుండా అందరి చేతులూ ఒకే వేగంలో కదలడానికి అది కొలత. ఒకామె చరణం ఎత్తుకుంటుంది. మిగతావాళ్లు అందుకునే లోపు ఆమెకు ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది. వంత వాళ్లు పాడేటప్పుడు ఆమె తర్వాతి చరణం గుర్తు తెచ్చుకుంటుంది, లేదా అప్పటికప్పుడు కడుతుంది. మేస్త్రీ మీద ఎత్తిపొడుపు, ఆలస్యంగా తెచ్చిన సద్ది మీద చమత్కారం, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి మీద పరాచికం ఇలాగే పాటలో చేరుతాయి. అందుకే ఒకే నాటు పాట రెండు ఊళ్లలో ఒకేలా ఉండదు. నిరుడు పాడినట్టు ఈ ఏడు ఉండదు.

ఇసుర్రాయి పాటలు, దంపుడు పాటలు దీనికి పూర్తిగా వేరు. తెల్లవారుజామున ఒకరో ఇద్దరో కూర్చుని జొన్నలు విసురుతూ పాడుకునేవి కాబట్టి వాటి నడక నిదానం, కథ పొడవు, గొంతు లోగొంతు. పుట్టింటి బెంగ, అన్నదమ్ముల పంపకాలు, సీతమ్మ కష్టాలు ఎక్కువగా ఈ పాటల్లోకే చేరాయి. రాయి తిరిగే మోతే శ్రుతి. పిండి గిర్నీలు, రైస్ మిల్లులు వచ్చాక ఈ పాటలకు పనిచోటు పోయింది. నాటు పాటకూ ఇప్పుడు అదే పరిస్థితి వస్తోంది. తెలంగాణలో చాలాచోట్ల బెంగాల్, బీహార్ల నుంచి వచ్చిన మగవాళ్ల ముఠాలు నాట్లు వేస్తున్నాయి. యంత్రాలూ దిగాయి. అడిగితే పెద్దవయసు ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని పాడి వినిపిస్తారు. అయితే వంగిన నడుముతో పాడిన పాటకూ అరుగు మీద పాడిన పాటకూ ఊపిరి తీసుకునే చోట్లే మారిపోతాయి. ఈ తేడాను పాటలు సేకరించేవాళ్లు రాసిపెట్టడం చాలా అరుదు.

పని పోయినా పోని పాట బతుకమ్మ. ఎంగిలిపూలతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది రోజుల పండుగలో తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ, వంగి చప్పట్లు కొడుతూ పాడతారు. ఒక్కో పాదం చాలా చిన్నది. పాదం చివర ఉయ్యాలో, కోల్, చందమామ, వలలో వంటి పల్లవి పదం ఒకటి తప్పనిసరిగా పడుతుంది. కొత్తగా వినేవాళ్లకు విసుగు పుట్టించేది ఆ పదమే. పాటను నడిపించేదీ అదే. ముందామె పాదం ముగియకముందే వెనుకవాళ్ల పల్లవి మొదలవుతుంది. వాళ్ల పల్లవి ఆరకముందే ముందామె రెండో పాదం ఎత్తుకుంటుంది. రెండు అంచులూ ఒకదానిమీద ఒకటి పడే ఆ కాసింత చోటులోనే లయ పుడుతుంది. స్టూడియోలో ఒక్క గాయని పాదమూ పల్లవీ రెండూ తానే పాడి రికార్డు చేసిన బతుకమ్మ పాటల్లో ఆ చోటు కనిపించదు. గొంతు ఎంత బాగున్నా పాట సగమే వినిపిస్తుంది. బాణీ నాలుగైదు స్వరాలు దాటి పోదు. దాటకపోవడం వల్లే ఐదేళ్ల పిల్ల నుంచి ముసలవ్వ దాకా అందరూ ఒకే శ్రుతిలో కలవగలుగుతారు.

కథ చెప్పేవాళ్లు

పాటను వృత్తిగా చేసుకున్న కులాలు తెలంగాణలో చాలా ఉన్నాయి. ఒక్కో కులం మరొక కులాన్ని ఆశ్రయించి, వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు పాడి, వాళ్లిచ్చే త్యాగం (కానుక) మీద బతికేది. అందుకే వీటిని ఆశ్రిత కులాలు అంటారు. వీళ్ల కథలు ఆ కులాలకు పురాణం. పాఠశాలకు పోలేని జనం తమ చరిత్రను ఈ గొంతుల్లోనే దాచుకున్నారు.

మెతుకుసీమలో ఎక్కువగా వినబడేది ఒగ్గు కథ. ఒగ్గు అనేది చిన్న డమరుకం. కురుమ, గొల్ల కులాల నుంచి వచ్చే ఒగ్గు పూజారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెబుతారు. రంగు పొడులతో పట్నం వేసి దేవుడి లగ్గం జరిపించేదీ వాళ్లే. ప్రధాన కథకుడి పక్కన వంతగాడు ఉంటాడు. అతడు ఊ కొడతాడు, అడ్డం పడతాడు, తెలియనట్టు అడుగుతాడు, కథకుడి మాట మీద హాస్యం పేలుస్తాడు. డోలు, తాళాలు, కంజీర, నపీర వెనుక నిలబడతాయి. కథ ఒక్కసారిగా వచనం నుంచి పాటలోకి, పాట నుంచి సంభాషణలోకి, అక్కడి నుంచి ఆటలోకి దూకుతుంది. కథకుడే నిలుచున్నచోట చీర కొంగు కప్పుకుని తల్లి అవుతాడు, మరుక్షణం కొడుకు అవుతాడు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య ఈ కథను గుడి ముంగిట నుంచి బయటి వేదికల మీదికి తెచ్చి దేశమంతా వినిపించాడు. 2017లో కన్నుమూశాడు. వేములవాడ ప్రాంతపు మిద్దె రాములు ఆటలోనూ గొంతులోనూ అంతటివాడు. వాళ్లిద్దరినీ పోల్చి వినడం ఒగ్గు కథలో మంచి పాఠం. ఒకే కథను ఇద్దరు ఎంత భిన్నంగా విప్పగలరో తెలుస్తుంది.

బైండ్లవాళ్లు చెప్పే ఎల్లమ్మ కథకు జమిడిక తోడు. ఒక పక్క తోలు మూసిన పాత్రలోంచి ఒక తీగ బయటికి వస్తుంది. దాన్ని బిగిస్తూ సడలిస్తూ పుల్లతో మీటుతారు. బిగువు మారేకొద్దీ స్వరం జారుతూ మాట్లాడినట్టే వినిపిస్తుంది. దేవత కోపం, ఏడుపు, బుజ్జగింపు అన్నీ ఆ ఒక్క తీగ మీదే పలుకుతాయి. తెలుగు వాద్యాల్లో ఇంత తక్కువ సరంజామాతో ఇంత భావం పలికించేది మరొకటి దొరకడం కష్టం.

శారదకాండ్ర కథలు ఈ సీమకు మరీ దగ్గరివి. తంబుర వంటి శారద, బుడిగె, వేలికి తొడిగిన అందె, వీటితో వాళ్లు వీరుల కథలు పాడతారు. పద్దెనిమిదో శతాబ్దంలో పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మ కథ, సదాశివరెడ్డి కథ తెలంగాణ చారిత్రక గాథల్లో ముఖ్యమైనవి. శంకరంపేట, సదాశివపేట ఊళ్ల పేర్లలో ఆ ఇద్దరూ ఇప్పటికీ ఉన్నారు. రాణి శంకరమ్మను పుస్తకంలో చదివినవాళ్ల కన్నా శారద మోత మధ్య విన్నవాళ్లే చాలాకాలం పాటు ఎక్కువ. గోల్కొండ సీమలో మొగలు అధికారులను ఎదిరించి 1710లో చంపబడిన సర్వాయి పాపన్న కథా అలాగే నిలిచింది. జె.ఎ. బాయిల్ అనే ఆంగ్లేయుడు 1874లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో ఈ గాథను అచ్చు వేయించాడు. తెలుగు జానపద గేయాల పరిశోధనకు తొలి అడుగుల్లో అదొకటి. అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందు నుంచే పాపన్నను నిలబెట్టినవి పాటగాళ్ల గొంతులు. తర్వాతి కాలంలో బిరుదురాజు రామరాజు తెలంగాణ పాటలను ఊరూరా తిరిగి సేకరించి, ఈ విద్యను విశ్వవిద్యాలయంలో ఒక శాస్త్రంగా నిలబెట్టాడు.

చిందు భాగవతంలో చిందు ఎల్లమ్మ పేరు చెప్పకుండా ముందుకు పోలేం. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఆమె మగవేషాలు కూడా కట్టి, నిలబడ్డ చోటల్లా జనాన్ని రాత్రంతా కూర్చోబెట్టింది. జనగామ ప్రాంతపు చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు, నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిపెట్టిన వాద్యం పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు దండానికి ఎండిన సొరకాయ బుర్రలు కట్టి చేసే ఈ వాద్యం మీద పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడతారు. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో మొగిలయ్య గొంతు వినిపించాకే పట్నాల్లో చాలామందికి కిన్నెర ఒకటుందని తెలిసింది.

డప్పు

పల్లె సంగీతంలో అన్నిటికన్నా ఎక్కువ వినబడిందీ, అన్నిటికన్నా తక్కువ గౌరవం అందుకున్నదీ డప్పు. చెక్క చట్రానికి తోలు బిగించి చేస్తారు. కొట్టబోయే ముందు గడ్డిమంట మీద కాస్తారు. వేడికి తోలు బిగిసి శ్రుతి పైకి వస్తుంది. తేమకు మెత్తబడితే మళ్లీ కాస్తారు. ఒక చేతిలో లావాటి సిర్ర, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర దెబ్బ లయను నిలబెడితే పుల్ల దాని మీద అల్లిక వేస్తుంది. పెళ్లికి ఒక దరువు, బోనానికి ఒకటి, చావుకు ఒకటి, చాటింపుకు ఒకటి. ఊరివాళ్లు ఇంట్లో కూర్చునే దరువును బట్టి బయట ఏం జరుగుతోందో చెప్పగలిగేవాళ్లు.

ఈ విద్యను మాదిగ కుటుంబాలు కాపాడాయి. వాళ్ల చేత ఊరు దాన్ని వెట్టిగా కూడా చేయించుకుంది. చావుకూ జాతరకూ పిలిచి, డప్పు మోగినంతసేపూ విని, మోగించినవాడిని గుడి బయట నిలబెట్టిన సమాజం మనది. ఈ సంగతి తెలియకుండా డప్పు మోతను ‘హుషారు’గా మాత్రమే విన్నవాళ్లకు ఆ సంగీతంలో సగం అందదు. వెట్టికి గుర్తు కాబట్టి డప్పును వదిలేసిన కుటుంబాలున్నాయి. దాన్నే ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తుకున్నవాళ్లూ ఉన్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం డప్పునే తన గొంతు చేసుకుంది. రెండూ న్యాయమైన నిర్ణయాలే. ఇవాళ కూలి మాట్లాడుకుని వచ్చే డప్పు బృందానికి కూలితో పాటు పేరు పెట్టి పరిచయం చేసే మర్యాద కూడా దక్కాలి.

తూప్రాన్ గొంతు

గుమ్మడి విఠల్‌రావు 1949లో మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టాడు. గద్దర్‌గా మారాక పల్లె పాటకు ఆయన చేసిన పని ఏ అకాడమీ చేయలేదు. 1972లో మొదలైన ఆయన బృందం జననాట్యమండలి ఒగ్గు కథ, బుర్రకథ, వీధి భాగవతం, కలుపు పాటల బాణీలు తీసుకుని వాటిలో కూలి, భూమి, పోలీసు, వలస వంటి కొత్త విషయాలు నింపింది. బాణీ పాతది కాబట్టి జనానికి వంత నేర్పవలసిన పని లేదు. రెండో చరణానికే సభ మొత్తం అందుకునేది. గొంగడి, కాలికి గజ్జెలు, చేతిలో కర్ర, ఇదే గద్దర్ వేషం. పాట నడుమ ఆగి మాట్లాడటం, ప్రశ్న అడగటం, జనం జవాబు చెప్పగానే ఆ జవాబు మీదే పాట ఎత్తుకోవడం. ఒగ్గు కథలోని వంతగాడి స్థానంలో ఆయన వేలాది జనాన్ని నిలబెట్టాడు. ఆయన కళలో అసలు కొత్తదనం ఇదే. రాజకీయంగా ఆయనతో ఒప్పుకోనివాళ్లు కూడా ఈ సంగీత నిర్మాణాన్ని శ్రద్ధగా వినాలి.

జననాట్యమండలి పుట్టుకలో భాగం ఉన్న బి. నర్సింగరావుది కూడా పాత మెదక్ జిల్లాయే. ఆయన నిర్మించగా గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’ 1979లో తయారైంది. ఆ చిత్రంలో బండి యాదగిరి కట్టిన సాయుధ పోరాటకాలపు పాటను గద్దర్ తెర మీద పాడాడు. గొల్ల సుద్దుల ఫక్కీలో పాటలు కట్టిన సుద్దాల హనుమంతు రచన కూడా అందులో ఉంది. స్టూడియో సంగీతపు తీపి లేకుండా పల్లె పాట తెలుగు తెరకెక్కిన మొదటి పెద్ద సందర్భం అది. గద్దర్ ‘ఒరేయ్ రిక్షా’ చిత్రానికి రాసిన పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని తిరస్కరించాడు. 2023 ఆగస్టు 6న ఆయన మరణించాక తెలంగాణ ప్రభుత్వం తన సినిమా పురస్కారాలకు ఆయన పేరే పెట్టింది.

ఆ దారిలో వచ్చినవాళ్లలో గూడ అంజయ్య, గోరటి వెంకన్న, అందెశ్రీ, జయరాజ్, విమలక్క ఒక్కొక్కరూ ఒక్కో తీరు. తెలంగాణ ఉద్యమంలో భాగంగా 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం సభలు ఈ పాటలన్నిటినీ ఒకే వేదిక మీదికి తెచ్చాయి. గోరటి వెంకన్నకు ‘వల్లంకి తాళం’ కవితా సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందెశ్రీ గీతం 2024లో తెలంగాణ రాష్ట్రగీతమైంది. గద్దర్ పాట సభతో మాట్లాడితే, వెంకన్న పాట వాగుతో, చెట్టుతో, సంతతో మాట్లాడుతుంది. ఇద్దరినీ వరుసగా వింటే ఒకే జానపద బాణీలో ఎంత చోటుందో అర్థమవుతుంది.

అమెరికా పల్లె పాటలో రెండో దారి

ఇక మొదట పోలిక తెచ్చిన ఆల్టర్నేటివ్ కంట్రీ సంగతి. 1927లో టెన్నెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో జరిగిన రికార్డింగులతో కార్టర్ కుటుంబం, జిమ్మీ రాడ్జర్స్ వెలుగులోకి వచ్చారు. అమెరికా కొండప్రాంతపు పాట వ్యాపార సంగీతంగా మారిన మలుపు అది. 1950ల చివరికి నాష్‌విల్ స్టూడియోలు దానికి వయొలిన్ల వరుసలు, నునుపైన కోరస్ తొడిగాయి. ఆ నునుపు నచ్చనివాళ్లు తరానికొకరు వస్తూనే ఉన్నారు. 1968లో గ్రామ్ పార్సన్స్ చేరికతో బర్డ్స్ బృందం ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో’ చేసింది. 1975లో విలీ నెల్సన్ అతి తక్కువ వాద్యాలతో ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’ చేశాడు. 1990లో ఇల్లినాయ్ రాష్ట్రపు బెల్‌విల్‌కు చెందిన అంకుల్ టుపెలో అనే కుర్రాళ్ల బృందం కార్టర్ కుటుంబం 1936లో పాడిన ఒక పాట పేరును తన ఆల్బమ్‌కు పెట్టుకుంది. ‘నో డిప్రెషన్’ అనే ఆ పేరే 1995లో మొదలైన పత్రికకూ వచ్చింది. ఆల్టర్నేటివ్ కంట్రీ అనే పేరు స్థిరపడింది ఆ కాలంలోనే. 1994లో అంకుల్ టుపెలో విడిపోగా విల్కో, సన్ వోల్ట్ పుట్టాయి. లూసిండా విలియమ్స్ 1998లో చేసిన ‘కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్’, జిలియన్ వెల్చ్ 2001లో చేసిన ‘టైమ్ (ద రెవలేటర్)’ తెలుగు శ్రోతలు మొదలుపెట్టడానికి మంచివి. మొదటిదానిలో ఊళ్ల పేర్లు, రెండోదానిలో మౌనం గమనించాలి.

రెండు దేశాల పాటల్లోనూ ఒకే చిక్కు ఉంది. పాట ఎవరిది? ఎ.పి. కార్టర్ ఊరూరా తిరిగి పాటలు సేకరించి తన పేరు వేసుకున్నాడు. ఆ ప్రయాణాల్లో బాణీలు చెవిన పట్టి గుర్తుపెట్టుకున్నవాడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు కళాకారుడు. ఆయన పేరు రికార్డుల మీద రాలేదు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ పాట మీద తెలుగునాట జరిగిన చర్చ సారంలో ఇదే. జనంలో ఉన్న పాటను మొదట బయటికి తెచ్చిన గొంతుకూ, దానికి కొత్త చరణాలు కట్టిన కవికీ, అమ్మిన సంస్థకూ వాటాలు ఎలా పంచాలన్నది ఇంకా తేలని ప్రశ్న. కనీసం ఏ ఊళ్లో ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పడం ప్రతి గాయకుడికీ ఆచారమైతే సగం చిక్కు విడిపోతుంది.

రేడియో నుంచి ఫోను దాకా

తెలుగు పల్లె పాటను రేడియోకు, కచేరీ వేదికకు తెచ్చినవాళ్లలో వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్లు ముందువరుసలో ఉన్నారు. కాకినాడలో పుట్టిన అనసూయాదేవి 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో కన్నుమూశారు. ప్రవాస తెలుగు ఇళ్లలో పల్లె పాట అంటే చాలాకాలం వాళ్లు పాడిన తీరే. శ్రుతి, స్వరలిపి, హార్మోనియం ఉన్న ఆ తీరులో మర్యాద ఉంది, బురద లేదు. దాన్ని తప్పుపట్టనవసరం లేదు. చాలామందికి అదే తొలి తలుపు అయింది. చెల్లెలు సీత ‘మా భూమి’కి సంగీతం అందించారు కాబట్టి, ఆ ఇంటి సంగీతమే మెతుకుసీమ గొంతునూ తెర మీదికి చేర్చింది.

క్యాసెట్ల కాలంలో ఉద్యమ పాట, జాతర పాట రెండూ టీకొట్ల దాకా పాకాయి. మా టీవీలో వచ్చిన ‘రేలా రే రేలా’ పల్లె గాయకులకు పేరూ ముఖమూ ఇచ్చింది. తర్వాత యూట్యూబ్ వచ్చి స్టూడియోల అవసరాన్నే తగ్గించింది. గాయని మంగ్లీ బతుకమ్మ పాటలు, 2025లో మారుమోగిన ‘రాను బొంబైకి రాను’ వంటివి ప్రపంచమంతా తిరిగాయి. వీటిలో చాలా వాటి దరువు కంప్యూటర్‌ది, మాట పల్లెది. ఇవి పల్లె పాటలు కావని కొట్టిపారేయడం తొందరపాటు. పెళ్లి బరాత్ కూడా పల్లె పనే, దానికీ ఒక పాట కావాలి. 2023లో వచ్చిన ‘బలగం’ సినిమా ఇంకో దారి చూపింది. చావు ఇంట్లో బుడగ జంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య (కిన్నెర మొగిలయ్య వేరు) పాడిన పతాక సన్నివేశపు పాటను చూసి ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. వృత్తి గాయకుల గొంతును, వాళ్ల లయను మార్చకుండా తెర మీద పెడితే సరిపోతుందని ఆ పాట నిరూపించింది.

వినడం మొదలుపెట్టేవాళ్లకు

ముందు బతుకమ్మతో మొదలుపెట్టడం మంచిది. కుల్చారంలోనైనా మరే ఊళ్లోనైనా, సద్దుల నాటికన్నా నడిమి రోజుల్లో వెళ్లాలి. అప్పుడు మైకులు తక్కువ, గొంతులు స్పష్టంగా వినబడతాయి. ఒక పాటలో ముందామె ఎవరో, ఎక్కడ వంత మొదలవుతుందో పట్టుకోగలిగితే చాలు, మిగతాది చెవి తనంతట తానే నేర్చుకుంటుంది. ఆ తర్వాత శివరాత్రికి ఏడుపాయల. అక్కడ ఒకచోట నిలబడిపోకుండా పాయ వెంట నడుస్తూ వినాలి. ఒగ్గు కథను ముక్కలుగా వింటే ప్రయోజనం లేదు. ఒక ఘట్టమైనా మొదలు నుంచి తుది దాకా కూర్చోవాలి, ఎందుకంటే వంతగాడి హాస్యానికి అర్థం ముందు గంటలో చెప్పిన కథలో ఉంటుంది. గద్దర్ పాటలను స్టూడియో రికార్డుల కన్నా సభల్లో రికార్డయినవి వెతికి వినాలి. యాస అర్థం కాకపోతే పక్కనున్న పెద్దవాళ్లను అడగాలి. ‘అవ్వా, ఈ మాటకు అర్థమేంది’ అని అడిగితే అర్థంతో పాటు ఇంకో పాట కూడా దొరుకుతుంది.

గొంతు గరుకుగా ఉండటం, శ్రుతి కొంచెం అటూ ఇటూ కావడం లోపాలుగా లెక్కపెట్టకూడదు. ఆరుబయట, డోలు మోతకు ఎదురుగా, మైకు లేకుండా వందమందికి వినబడాల్సిన గొంతు అలాగే తయారవుతుంది.

ఫోనులో రికార్డు చేసుకోవాలనుకుంటే ముందు అడగాలి. వృత్తి కళాకారులకు సంభావన ఇవ్వాలి. పాడినవాళ్ల పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర వచ్చింది, ఏ పనికి లేదా ఏ పండుగకు పాడతారు అన్నవి అక్కడే రాసుకోవాలి. వరంగల్‌లో ఉన్న తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఈ తరహా సేకరణకు పాఠాలు నేర్పిన చోటు. ఆచార్య జయధీర్ తిరుమలరావు ఏళ్ల తరబడి తిరిగి పోగుచేసిన జానపద, ఆదివాసీ వాద్యాల సేకరణ చూస్తే జమిడిక, కిన్నెర, శారద ఎలా పనిచేస్తాయో కళ్లకు కడుతుంది. ఇంతవరకూ అచ్చయిన సేకరణల్లో ఎక్కువగా చరణాలే ఉన్నాయి. వంత ఎక్కడ పడుతుంది, ఎన్ని గొంతులు, ఎంత వేగం అన్నవి కొద్ది చోట్లే కనిపిస్తాయి. కాబట్టి కొత్తగా రికార్డు చేసేవాళ్లు ముందు పాడేవారి నోటి దగ్గరే ఫోను పట్టుకోకుండా, ఇరుపక్షాల గొంతులూ సమానంగా పడేలా నడుమ పెట్టాలి. వంత పాడినవాళ్ల పేర్లు కూడా వరుసగా రాయాలి.